తీర్మానం సులువు, తొలగింపు కష్టం: అమెరికాలో ఫెడరల్ జడ్జీల అభిశంసన ఎలా జరుగుతుంది?

అమెరికాలో ఓ జిల్లా జడ్జి అధ్యక్షుడి ఉత్తర్వును ఆపేస్తే చాలు, ఒకటి రెండు రోజుల్లో ‘ఆ జడ్జిపై అభిశంసన తీర్మానం’ అన్న వార్త వచ్చేస్తోంది. 2025 మార్చి నుంచి ఈ వార్తల జోరు పెరిగింది. చదివినవారికి ఆ జడ్జి పదవి ఇవాళో రేపో ఊడేలా ఉందనిపిస్తుంది. తీర్మానం పెట్టడానికి ఒక్క సభ్యుడు చాలు. పదవి పోవాలంటే మాత్రం సెనేట్‌లో మూడింట రెండొంతుల మంది చేయెత్తాలి. ఈ రెంటికీ మధ్య ఏం జరుగుతుందో, ఎక్కడ ఆగిపోతుందో చూస్తే ఇలాంటి వార్తల అసలు బరువు తెలుస్తుంది.

క్లుప్తంగా: 1789లో రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పటి నుంచి ప్రతినిధుల సభ అభిశంసించిన (అంటే అభియోగాలు మోపిన) ఫెడరల్ జడ్జీలు 15 మంది. వారిలో 8 మందిని సెనేట్ తొలగించింది. నలుగురు నిర్దోషులుగా బయటపడ్డారు, ముగ్గురు మధ్యలోనే రాజీనామా చేశారు. లంచం, అబద్ధపు సాక్ష్యం, పన్ను ఎగవేత వంటి కేసుల్లో ఈ అస్త్రం పనిచేసింది. తీర్పు నచ్చలేదన్న కోపంతో ప్రయోగించినప్పుడు సెనేట్ లెక్క కుదరలేదు.

## మూడు వారాల్లో అప్పీలు తేల్చిన కేసు

2025 మార్చి 15 శనివారం. వెనెజువెలా ముఠా సభ్యులంటూ కొందరిని 1798 నాటి శత్రు విదేశీయుల చట్టం కింద ప్రభుత్వం ఎల్ సాల్వడార్‌కు పంపిస్తుండగా, వాషింగ్టన్ జిల్లా కోర్టు చీఫ్ జడ్జి జేమ్స్ బోస్‌బర్గ్ తాత్కాలికంగా ఆపమన్నారు. 18న అధ్యక్షుడు ట్రంప్ ఆ జడ్జిని అభిశంసించాలని సోషల్ మీడియాలో డిమాండ్ చేశారు. టెక్సస్ సభ్యుడు బ్రాండన్ గిల్ అదే రోజు తీర్మానం పెట్టారు. ఆ రోజే సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ జాన్ రాబర్ట్స్ ఓ ప్రకటన ఇచ్చారు. కోర్టు నిర్ణయంతో విభేదాలుంటే అభిశంసన అందుకు సరైన జవాబు కాదని రెండు శతాబ్దాలకు పైగా స్థిరపడిన మాటేనని, అందుకోసం అప్పీళ్ల దారి ఉందని ఆయన సారాంశం. చీఫ్ జస్టిస్‌లు ఇలా బయటికొచ్చి మాట్లాడటం చాలా అరుదు.

తర్వాత జరిగింది మాత్రం వార్తల్లో అంతగా నానలేదు. ఏప్రిల్ 7న సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో బోస్‌బర్గ్ ఉత్తర్వును పక్కన పెట్టింది. నిర్బంధంలో ఉన్నవారు తమను ఉంచిన చోటి కోర్టులోనే హేబియస్ కార్పస్ పిటిషన్ వేసుకోవాలని చెప్పింది. పంపించే ముందు నోటీసు ఇవ్వాలని, కోర్టుకు వెళ్లే వ్యవధి ఇవ్వాలని కూడా అదే ఉత్తర్వులో స్పష్టం చేసింది. అంటే ప్రభుత్వానికి కావలసిన ఉపశమనం చాలావరకు మూడు వారాల్లో అప్పీలు ద్వారానే దొరికింది. అభిశంసన గెలిచినా ఆ ఉత్తర్వు దానంతటది రద్దయ్యేది కాదు. జడ్జి మారతారు, కేసు మరో జడ్జి బల్ల మీదికి వెళుతుంది. అంతే.

## చెక్కపెట్టెలో వేసిన కాగితం

ప్రతినిధుల సభలో క్లర్క్ బల్ల పక్కన ఓ చెక్కపెట్టె ఉంటుంది. బిల్లయినా తీర్మానమైనా, సభ జరుగుతున్నప్పుడు సభ్యుడు అందులో వేస్తే దాఖలైనట్టే. అభిశంసన తీర్మానానికీ ఇదే పద్ధతి. ఇంతమంది సంతకాలు ఉండాలన్న నియమం లేదు, ముందుగా ఎవరి అనుమతీ అక్కర్లేదు. అక్కడి నుంచి అది జ్యుడీషియరీ కమిటీకి వెళుతుంది. చాలావరకు అక్కడే బుట్టదాఖలవుతుంది. రెండేళ్ల కాంగ్రెస్ కాలం ముగిస్తే కదలని తీర్మానాలన్నీ వాటంతటవే చచ్చిపోతాయి.

కమిటీని తప్పించుకునే అడ్డదారి ఒకటుంది. అభిశంసన సభ హక్కులకు సంబంధించిన అంశం కాబట్టి, సభ్యుడు నోటీసిచ్చి పట్టుబడితే రెండు సభా దినాల్లో సభ దాన్ని ఎదుర్కోక తప్పదు. అయితే చర్చకు ముందే ‘పక్కన పెట్టాలి’ అనో ‘కమిటీకి పంపాలి’ అనో మరో ప్రతిపాదన వస్తుంది. అది మామూలు మెజారిటీతో నెగ్గిపోతుంది. సొంత పార్టీవాళ్లే ఓడించారన్న అపప్రథ రికార్డులో మిగులుతుంది. అందుకే తీర్మానం పెట్టినవారిలో చాలామంది ఆ దారి జోలికి వెళ్లరు. ఫండ్ రైజింగ్ ఈమెయిల్‌కు తీర్మానం నంబరు చాలు, ఓటింగ్ అక్కర్లేదు.

గట్టి కేసులు సాధారణంగా మరో ద్వారం నుంచి వస్తాయి. 1980 చట్టం ప్రకారం జడ్జిపై ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు. సర్క్యూట్ (ఫెడరల్ అప్పీలు కోర్టు పరిధి) స్థాయిలో తోటి జడ్జీల మండలి విచారిస్తుంది. అభిశంసనకు తగిన తప్పు కనిపిస్తే విషయం ఫెడరల్ జడ్జీల జాతీయ మండలి అయిన జ్యుడీషియల్ కాన్ఫరెన్స్‌కు వెళుతుంది. అది ధ్రువీకరించి ప్రతినిధుల సభకు పంపుతుంది. లూసియానా జడ్జి థామస్ పోర్షియస్ కేసు ఇలాగే వచ్చింది. 2008 జూన్‌లో ధ్రువీకరణ, సెప్టెంబరులో సభ దర్యాప్తుకు అనుమతి, 2010 మార్చిలో అభిశంసన, 2010 డిసెంబరు 8న తొలగింపు. మొత్తం రెండున్నరేళ్లు పట్టింది.

సభలో హాజరై ఓటేసిన వారిలో మామూలు మెజారిటీ వస్తే జడ్జి ‘అభిశంసితుడు’. అంటే చార్జిషీటు పడిందని అర్థం. పదవి, జీతం, చాంబర్ ఏవీ పోవు.

## సెనేట్‌లో విచారణ

అభియోగాలను వాదించడానికి ప్రతినిధుల సభ తన సభ్యుల్లో కొందరిని ‘మేనేజర్లు’గా పంపుతుంది. సెనేటర్లు ప్రత్యేకంగా ప్రమాణం చేస్తారు. అధ్యక్షుడి విచారణకైతే చీఫ్ జస్టిస్ అధ్యక్షత వహిస్తారు, జడ్జీల విచారణకు ఆయన రారు. జడ్జి తరఫున లాయర్లు ఉంటారు, సాక్షులను క్రాస్ ఎగ్జామిన్ చేస్తారు.

పూర్వం ఇదంతా మొత్తం సెనేట్ ముందే నడిచేది. ఓ జిల్లా జడ్జి కోసం బడ్జెట్, విదేశాంగం అన్నీ ఆపుకుని వారాల తరబడి సాక్షులను వినే ఓపిక సెనేటర్లకు లేకపోయింది. 1933లో జరిగిన విచారణలో బెంచీలు చాలావరకు ఖాళీగా కనిపించాయి. దాంతో 1935లో 11వ నిబంధన తెచ్చారు. 12 మంది సెనేటర్ల కమిటీ సాక్ష్యాలు తీసుకుని రికార్డును సభకు ఇస్తుంది. తుది వాదనలు, ఓటింగ్ మాత్రం అందరి ముందూ జరుగుతాయి. ఆ నిబంధనను వాడటానికి 1986 దాకా ఆగారు.

కమిటీ విచారణ అసలు విచారణే కాదని మిసిసిపీ జడ్జి వాల్టర్ నిక్సన్ కోర్టుకెక్కారు. అధ్యక్షుడు నిక్సన్‌కూ ఈయనకూ సంబంధం లేదు. గ్రాండ్ జ్యూరీ ముందు అబద్ధం చెప్పినందుకు శిక్షపడి, 1989లో సెనేట్ తొలగించిన జడ్జి ఈయన. విచారణ ఎలా జరపాలన్నది రాజ్యాంగం సెనేట్‌కే వదిలిందని, అందులో కోర్టులు తలదూర్చవని 1993లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే సెనేట్ తీర్పుపై అప్పీలు లేదు.

ఓటింగ్ ఒక్కో అభియోగంపై విడివిడిగా ఉంటుంది. ఒక్కదానిలో మూడింట రెండొంతులు వచ్చినా పదవి పోతుంది. 1936లో ఫ్లోరిడా జడ్జి హాల్‌స్టెడ్ రిటర్ ఆరు అభియోగాల్లో గట్టెక్కారు. అన్నింటినీ కలిపి ‘కోర్టుకు అప్రతిష్ఠ తెచ్చారు’ అన్న ఏడోదానిలో 56-28తో ఓడిపోయారు. కావలసినవి సరిగ్గా 56 ఓట్లే. విడివిడిగా రుజువుకాని తప్పులను మూటకట్టి శిక్షించడం న్యాయమా అన్న వాదన అప్పుడే లేచింది, ఇప్పటికీ సద్దుమణగలేదు.

తొలగించాక ‘ఇకపై ఏ ఫెడరల్ పదవీ చేపట్టరాదు’ అనడానికి మరో ఓటింగ్ జరగాలి. దీనికి మామూలు మెజారిటీ చాలు. ఇప్పటివరకు ముగ్గురికే ఈ నిషేధం పడింది: హంఫ్రీస్, ఆర్చ్‌బాల్డ్, పోర్షియస్. దీనివల్ల ఓ విచిత్రం జరిగింది. లంచం కుట్ర ఆరోపణపై ఫ్లోరిడా జడ్జి ఆల్సీ హేస్టింగ్స్‌ను 1988లో ప్రతినిధుల సభ 413-3 ఓట్లతో అభిశంసించింది. క్రిమినల్ కోర్టు 1983లోనే ఆయనను నిర్దోషి అన్నప్పటికీ, సెనేట్ 1989లో దించేసింది. నిషేధం మాత్రం విధించలేదు. 1992లో ఆయన ఎన్నికల్లో గెలిచి, తనను అభిశంసించిన సభలోనే సభ్యుడయ్యారు. 2021లో చనిపోయేదాకా అక్కడే కొనసాగారు.

## ఏ తప్పుకు పదవి పోయింది?

రాజ్యాంగంలో ఉన్న కారణాలు రాజద్రోహం, లంచగొండితనం, ఇతర తీవ్ర నేరాలు, దుష్ప్రవర్తన. చివరి మాటకు నిర్వచనం లేదు. దాని అర్థాన్ని పాత కేసుల్లోనే వెతుక్కోవాలి.

మొదట దిగిపోయింది న్యూహాంప్‌షైర్ జడ్జి జాన్ పికరింగ్. తాగుడు, మతిస్థిమితం కోల్పోవడం ఆయన సమస్య. మానసిక అస్వస్థత నేరం కాదు, రాజ్యాంగంలో అసమర్థత అన్న కారణమే లేదు. అయినా వేరే దారి కనిపించక 1804 మార్చి 12న 19-7తో దోషి అన్నారు. టెన్నెసీ జడ్జి వెస్ట్ హంఫ్రీస్ అంతర్యుద్ధంలో ఫెడరల్ పదవికి రాజీనామా చేయకుండానే తిరుగుబాటు పక్షం జడ్జిగా చేరారు. 1862లో ఆయన పదవి పోయింది. కామర్స్ కోర్టు జడ్జి రాబర్ట్ ఆర్చ్‌బాల్డ్ తన కోర్టులో కేసులున్న రైల్వే కంపెనీలతో బొగ్గు గుట్టల బేరాలు సాగించి 1913లో దిగిపోయారు.

పోర్షియస్ కేసులో వివరాలు మరీ ముతకగా ఉన్నాయి. తీర్పు పెండింగ్‌లో ఉన్న కేసులోని లాయరు దగ్గర కవర్లో 2,000 డాలర్ల నగదు తీసుకున్నారు. దివాలా పిటిషన్‌లో తన ఇంటిపేరును మార్చి ‘ఓర్టస్’ అని రాశారు. జూదం అప్పులు దాచారు. న్యాయశాఖ ఆయనపై క్రిమినల్ కేసు పెట్టలేదు, అయినా మొదటి అభియోగంపై సెనేట్ 96-0తో దోషి అంది. అభిశంసనకు ముందు క్రిమినల్ శిక్ష పడి ఉండాలన్న నియమం లేదనడానికి హేస్టింగ్స్, పోర్షియస్ కేసులు రెండూ రుజువులు.

ఎనిమిది మందిలో ఏ ఒక్కరి కేసులోనూ ‘చట్టాన్ని తప్పుగా అన్వయించారు’ అన్నది అసలు కారణం కాదు. పికరింగ్ అభియోగాల్లో తప్పుడు ఉత్తర్వుల ప్రస్తావన ఉన్నా, దాని వెనకున్నది ఆయన స్థితి.

## చేజ్ గీసిన గీత

ఈ గీత ఎక్కడ పడిందో తెలియాలంటే 1805కు వెళ్లాలి. పికరింగ్‌ను సెనేట్ తొలగించిన రోజే ప్రతినిధుల సభ సుప్రీంకోర్టు జస్టిస్ శామ్యూల్ చేజ్‌ను అభిశంసించింది. ఆయన అప్పటి ప్రతిపక్షమైన ఫెడరలిస్టు పార్టీ మనిషి. అధికారంలో ఉన్నది అధ్యక్షుడు జెఫర్సన్ నాయకత్వంలోని రిపబ్లికన్లు (నేటి రిపబ్లికన్ పార్టీ కాదు). రాజద్రోహం, రాతపూర్వక దూషణ కేసుల్లో నిందితుల లాయర్లను నోరెత్తనివ్వలేదని, 1803లో బాల్టిమోర్ గ్రాండ్ జ్యూరీ ముందు ప్రభుత్వాన్ని తిట్టిపోశారని ఆయనపై ఆరోపణలు. మొత్తం ఎనిమిది అభియోగాలు.

అప్పటి సెనేట్‌లో 34 మంది సభ్యులు. జెఫర్సన్ పార్టీ వారే 25 మంది. దోషి అనడానికి 23 ఓట్లు చాలు. కాగితం మీద లెక్క కుదిరినట్టే. 1805 మార్చి 1న ఓటింగ్ జరిగితే, బాల్టిమోర్ ప్రసంగంపై వచ్చిన 19 ఓట్లే అన్నిటికన్నా ఎక్కువ. మరో అభియోగానికి ఒక్క ఓటూ పడలేదు. అధికార పార్టీ వాళ్లే ఆరుగురు ప్రతి అభియోగంలోనూ నిర్దోషి అన్నారు. చేజ్ మంచి జడ్జి అనుకుని కాదు. ఇలా మొదలుపెడితే రేపు అధికారం మారినప్పుడు తమ జడ్జీలకూ ఇదే గతి పడుతుందన్న భయం అందులో ఉంది. చేజ్ 1811లో చనిపోయేదాకా పదవిలోనే ఉన్నారు. ఆ తర్వాత సుప్రీంకోర్టు జస్టిస్‌ను ప్రతినిధుల సభ అభిశంసించిన దాఖలా లేదు.

ఇది లిఖిత నియమం కాదు. 1970లో సుప్రీంకోర్టు జస్టిస్ విలియం డగ్లస్‌ను దించాలన్నప్పుడు, తర్వాత అధ్యక్షుడైన సభ్యుడు జెరాల్డ్ ఫోర్డ్ ఓ వాదన పెట్టారు. ఆ క్షణాన సభలో మెజారిటీ ఏది అభిశంసనకు తగిన నేరం అనుకుంటే అదే నేరమని. చట్టప్రకారం చూస్తే అందులో కొంత నిజముంది. సెనేట్‌లో 67 ఓట్లు తెచ్చుకోవడానికి మాత్రం ఆ వాదన సరిపోదు. 2025లో సెనేట్‌లో రిపబ్లికన్లు 53 మంది. వంద మందీ హాజరైతే ఎదుటి పక్షం నుంచి 14 మంది రావాలి. చేజ్ కాలంలో సొంత పార్టీవాళ్లే రాలేదు.

## జైల్లో ఉన్నా జీతం

జడ్జి స్వతంత్రతను కాపాడే రక్షణలు అప్పుడప్పుడు దొంగకు గొడుగు పడతాయి. సత్ప్రవర్తన ఉన్నంతకాలం పదవి ఉంటుందని, పదవిలో ఉండగా జీతం తగ్గించరాదని రాజ్యాంగం అంటుంది. నేరం రుజువైతే ఉద్యోగం దానంతటది పోయే ఏర్పాటు లేదు.

నెవాడా జడ్జి హ్యారీ క్లెయిబోర్న్‌కు పన్ను రిటర్నుల్లో అబద్ధాలకు రెండేళ్ల శిక్ష పడింది. 1986లో జైలుకు వెళ్లారు, రాజీనామా చేయలేదు. జీతం వస్తూనే ఉంది. బయటికొచ్చి మళ్లీ బెంచి ఎక్కుతానన్నారు. ప్రతినిధుల సభ 406-0తో అభిశంసించింది, అక్టోబరులో సెనేట్ దించింది. 1935 నాటి కమిటీ పద్ధతి మొదటిసారి వాడింది ఈ కేసులోనే.

టెక్సస్ జడ్జి శామ్యూల్ కెంట్ లెక్క ఇంకా నేర్పుగా వేశారు. కోర్టు ఉద్యోగినులపై లైంగిక దాడి ఆరోపణల దర్యాప్తులో అబద్ధం చెప్పినందుకు 2009లో ఆయనకు 33 నెలల శిక్ష పడింది. రాజీనామా లేఖ ఇచ్చారు, కానీ 2010 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా. అంటే జైల్లో ఉంటూ మరో ఏడాది జీతం. అప్పటి జిల్లా జడ్జి జీతం ఏడాదికి 1,74,000 డాలర్లు. కాంగ్రెస్‌కు ఒళ్లు మండింది. 2009 జూన్ 19న ప్రతినిధుల సభ అభిశంసించింది, జూన్ 30కల్లా ఆయన దిగిపోయారు. రాజీనామాతో సెనేట్ విచారణను ముగించేశారు. అస్త్రం వేగంగా పనిచేసిన సందర్భం ఇది. కారణం సులువే: ఆయనను వెనకేసుకొచ్చేవాళ్లు ఏ పార్టీలోనూ లేరు.

వయసు మీదపడి పనిచేయలేని జడ్జి విషయంలో పికరింగ్ నాటి చిక్కు ఇంకా తీరలేదు. ఫెడరల్ సర్క్యూట్ జడ్జి పాలీన్ న్యూమన్‌కు 2023 నుంచి కొత్త కేసులు ఇవ్వడం ఆపేశారు. తన సామర్థ్యంలో లోపం లేదని తొంభైల్లో ఉన్న ఆమె వాదిస్తున్నారు. తోటి జడ్జీలు కేసులు ఆపగలరు, పదవి తీయలేరు.

## భారత్‌లో తలుపు దగ్గరే కాపలా

మన దగ్గర తొలగింపు నోటీసుకే లోక్‌సభలో 100 మంది, రాజ్యసభలో 50 మంది సంతకాలు కావాలి. స్పీకరో చైర్మనో ఒప్పుకుంటేనే ముందుకెళుతుంది. 2018లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి దీపక్ మిశ్రాపై వచ్చిన నోటీసును రాజ్యసభ చైర్మన్‌గా ఎం.వెంకయ్యనాయుడు తిరస్కరించారు. ఉమ్మడి హైదరాబాద్ హైకోర్టు జడ్జి ఒకరిపై ఇచ్చిన నోటీసు, కొందరు సభ్యులు సంతకాలు వెనక్కి తీసుకోవడంతో వీగిపోయింది. అమెరికాలో ఇలాంటి కాపలా లేదు, అందుకే అక్కడ తీర్మానాల సంఖ్య ఎక్కువ.

నోటీసు ఆమోదం పొందితే 1968 చట్టం కింద ముగ్గురు సభ్యుల కమిటీ విచారిస్తుంది. కలకత్తా హైకోర్టు జడ్జి సౌమిత్ర సేన్ కేసులో ఆ కమిటీకి నేతృత్వం వహించింది తెలుగువారైన జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి. కమిటీ తప్పులేదంటే కథ అక్కడితో సరి. తప్పుందంటే ఉభయ సభల్లోనూ మొత్తం సభ్యుల్లో మెజారిటీ, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతులు రావాలి. 1993లో జస్టిస్ వి.రామస్వామి తీర్మానానికి వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు. అనుకూలంగా 196 పడ్డాయి. కాంగ్రెస్ సభ్యులు ఓటింగ్‌కు దూరంగా ఉండటంతో మొత్తం సభ్యుల మెజారిటీ రాక ఓడిపోయింది. సౌమిత్ర సేన్‌ను 2011లో రాజ్యసభ దించమంది, లోక్‌సభ ఓటు వేసేలోపే ఆయన రాజీనామా చేశారు. ఇక రుజువైన దుష్ప్రవర్తనతో పాటు అసమర్థతను కూడా మన రాజ్యాంగం కారణంగా చెప్పింది. పికరింగ్ సమస్యకు ఇక్కడ కనీసం కాగితం మీద దారుంది.

## ఓటు పడకపోయినా పడే ప్రభావం

తీర్మానాలు బుట్టదాఖలవుతాయి కాబట్టి వాటితో ప్రమాదం లేదనుకుంటే పొరపాటు. 1996 జనవరిలో న్యూయార్క్ జడ్జి హెరాల్డ్ బేర్ ఓ కేసులో పోలీసుల సోదా చెల్లదని, సుమారు 36 కిలోల మత్తుమందును సాక్ష్యంగా తీసుకోనన్నారు. రాజీనామా కోరమని వంద మందికి పైగా కాంగ్రెస్ సభ్యులు అధ్యక్షుడు క్లింటన్‌కు లేఖ రాశారు. అధ్యక్ష అభ్యర్థి బాబ్ డోల్ అభిశంసన మాట ఎత్తారు. మళ్లీ సాక్ష్యం విన్నాక ఏప్రిల్‌లో బేర్ తన ఉత్తర్వును తానే మార్చుకున్నారు, తర్వాత ఆ కేసు నుంచి తప్పుకున్నారు. కొత్త సాక్ష్యమే కారణమై ఉండొచ్చు. కానీ నిందితుడి వైపు నుంచి చూస్తే ఆ అనుమానం పోయేదెలా?

జడ్జిపై ఒత్తిడి తేవాలనుకునే కాంగ్రెస్‌కు ఇంతకన్నా పదునైన పనిముట్లు చట్టాలు, బడ్జెట్లు, కోర్టుల పరిధి. 2025లో సభ నాయకత్వం ఎంచుకున్నదీ అదే. బోస్‌బర్గ్ తీర్మానాన్ని ఓటింగ్‌కు తేకుండా, జిల్లా జడ్జీలు దేశమంతటికీ వర్తించే నిలుపుదల ఉత్తర్వులు ఇవ్వకుండా కట్టడి చేసే బిల్లును ఏప్రిల్ 9న 219-213తో నెగ్గించింది. జూన్ 27న సుప్రీంకోర్టు 6-3 తీర్పుతో ఆ ఉత్తర్వులకు కళ్లెం వేయడంతో, ఆ బిల్లు ఉద్దేశం చాలావరకు కోర్టు ద్వారానే నెరవేరింది.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఇది దూరపు గొడవ కాదు. 2025 ఏప్రిల్‌లో వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్) రికార్డులు ఒక్కసారిగా రద్దయినప్పుడు, భారతీయ విద్యార్థులు సహా ఎందరో ఆశ్రయించింది ఈ జిల్లా జడ్జీలనే. వరుసగా ఉత్తర్వులు పడ్డాక నెలాఖరులో ప్రభుత్వం రికార్డులను పునరుద్ధరించడం మొదలుపెట్టింది.

ఇకపై ‘ఫలానా జడ్జిపై అభిశంసన’ అన్న వార్త కనిపిస్తే ముందు చూడాల్సింది తీర్మానం పెట్టిందెవరని కాదు, జ్యుడీషియరీ కమిటీ సాక్షులకు సమన్లు ఇచ్చిందా అని. తర్వాత, జ్యుడీషియల్ కాన్ఫరెన్స్ ధ్రువీకరణ ఉందా, ఆరోపణ తీర్పు గురించా లేక డబ్బు, అబద్ధం వంటి ప్రవర్తన గురించా అని. ఎదుటి పార్టీ సెనేటర్లలో ఒక్కరైనా మద్దతు పలికారా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. ఇవేవీ లేకపోతే ఆ తీర్మానం కమిటీ ఫైల్లోనే ఉంటుంది. 119వ కాంగ్రెస్ 2027 జనవరి 3న ముగిసేసరికి దాని ఆయువూ తీరుతుంది. కొత్త సభలో మళ్లీ చెక్కపెట్టెలో కొత్త కాగితం వేసుకోవాల్సిందే.